ఫ్రాంకెన్‌స్టయిన్ మీద మీరడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ గురించి నాలుగు మాటలు రాశాం. దాని మీద బెజవాడ, గుంటూరుల నుంచి ప్రశ్నలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి, పొడుగ్గా ఉన్నవాటిని కుదించి ఇక్కడ ఇస్తున్నాం. జవాబుల్లో కథ చివరిదాకా మాట్లాడాల్సి వచ్చింది. ఇంకా చదవనివాళ్లు ముందు నవల పూర్తిచేసి రావడం మంచిది.

ప్రశ్న: సినిమాలో చూసిన పిడుగులు, యంత్రాలు, గూని సహాయకుడు నేను కొన్న పుస్తకంలో ఎక్కడా లేరు. ప్రాణం పోసే ఘట్టం పట్టుమని పది వాక్యాలు కూడా లేదు. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దగ్గర కొన్నాను. పిల్లల సంక్షిప్తం అంటగట్టారంటారా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆ ఆనవాళ్లు చూసి అలా అనలేం. అసలు నవలలోనూ అవి లేవు. మీరు చెప్పిన సరంజామా అంతా 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాది. చదును నెత్తి, మెడకు ఇనప మేకులు, అందులో ఆ ప్రాణి వేషం కట్టిన బోరిస్ కార్లాఫ్‌కి మేకప్ వేసిన జాక్ పియర్స్ చలవ.

నవలలో ఉన్నది ఇంతే. నవంబరు నెల, రాత్రి ఒంటిగంట, కిటికీ అద్దాల మీద వాన, కొడిగడుతున్న కొవ్వొత్తి. ఇంగోల్‌స్టాట్ అనే జర్మన్ పట్నంలో చదువుకోవడానికి వచ్చిన విక్టర్ అనే కుర్రాడు, ఇంటి పైఅంతస్తులో విడిగా ఉన్న గది. చుట్టూ పరికరాలు ఉన్నాయంటాడు, అవేమిటో చెప్పడు. ఆ ప్రాణి పసుపుపచ్చ కన్ను తెరుస్తుంది, బరువుగా ఊపిరి తీస్తుంది, కాళ్లూ చేతులూ ఒక్కసారి కొట్టుకుంటాయి. అంతటితో విక్టర్ గది వదిలి పారిపోతాడు.

ముడిసరుకు విషయంలో మాత్రం రచయిత్రి మొహమాటపడలేదు. శ్మశానంలోని ఎముకలు, శవాలు కోసే గది, కబేళా. కబేళా అన్న మాటను చాలామంది గమనించకుండా దాటేస్తారు. అంటే ఆ ఒంట్లో పశువుల భాగాలు కూడా ఉన్నాయనుకోవాలి. ఎనిమిది అడుగుల ఎత్తు ఎందుకో కూడా విక్టరే చెప్తాడు: సన్నటి భాగాలతో పని ఆలస్యమవుతోంది, పెద్దవైతే త్వరగా తెమిలిపోతుంది. కాబట్టి ఆ ఆకారం జనాన్ని బెదరగొట్టేలా తయారవడానికి మొదటి కారణం చేసినవాడి తొందర. ఈ ఒక్క వివరం ముందు సినిమా పిడుగులన్నీ దిగదుడుపే అనిపిస్తుంది మాకు.

ప్రాణం పోసే కిటుకును దాచడానికి కథలో ఒక కారణం ఉంది. ఓడలో అతని కథ వింటున్న వాల్టన్ అనే యాత్రికుడు కూడా అదే బాట పట్టి చెడిపోతాడని విక్టర్ భయం. రాతపనిలో ఇంకో లాభం ఉంది. 1818 నాటి బ్యాటరీని తీగలతో సహా వర్ణించి ఉంటే, మరో ముప్ఫై ఏళ్లకే పాఠకుడికి నవ్వొచ్చేది.

మీ ప్రతి పూర్తిదో కాదో తేల్చుకోవాలంటే మూడు చోట్లు తిరగేయండి. మొదటి పేజీలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి డిసెంబరు 11న రాసిన ఉత్తరం ఉండాలి. నడిమధ్యలో ఆరు అధ్యాయాల పాటు ఆ ప్రాణే ‘నేను’ అంటూ తన కథ చెప్పుకోవాలి. చివర మళ్లీ వాల్టన్ రాతలు రావాలి, వాటిలో ఆఖరి తేదీ సెప్టెంబరు 12. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కత్తెర పడినట్టే. అన్నట్టు, ఫ్రాంకెన్‌స్టయిన్ అన్నది తయారుచేసినవాడి పేరు. తయారైనవాడికి పేరే లేదు. 1823లో లండన్‌లో ఈ కథను నాటకంగా వేసినప్పుడు ప్రకటన పత్రంలో ఆ పాత్ర పేరు ఉండాల్సిన చోట గీతలు గీసి వదిలేశారు.

ప్రశ్న: క్లాసులో చెప్పే అధ్యాయాల సంఖ్యలకీ నా పుస్తకంలో సంఖ్యలకీ పొంతన కుదరడం లేదు. పైగా నా పుస్తకంలో ఎలిజబెత్ విక్టర్‌కి మేనత్త కూతురు. నా స్నేహితురాలి పుస్తకంలో ఆమె ఎవరికీ ఏమీ కాని అనాథ. ఏది సరైనది? పరీక్షలో ఏది రాయాలి?
– ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ సరైనవే. మీ దగ్గర ఉన్నది 1818 పాఠం, మీ స్నేహితురాలిది 1831 పాఠం. మొదటిది 1818 జనవరి 1న రచయిత పేరు లేకుండా మూడు సంపుటాలుగా 500 ప్రతులు వచ్చింది. 1823లో మేరీ పేరుతో రెండు సంపుటాలుగా మళ్లీ వేశారు. 1831లో ఆమె చాలాచోట్ల తిరగరాసి, కొత్త ఉపోద్ఘాతం చేర్చి, ఒకే సంపుటంగా తెచ్చింది. బజారులో చవకగా దొరికేవి ఎక్కువగా ఈ 1831 పాఠానివే.

సంఖ్యల చిక్కు విడదీయడం తేలిక. 1818లో మూడు సంపుటాల్లో వరసగా 7, 9, 7 అధ్యాయాలు, మొత్తం 23. ప్రతి సంపుటంలోనూ మళ్లీ ఒకటి నుంచి లెక్క. 1831లో మొట్టమొదటి అధ్యాయాన్ని రెండుగా చీల్చి, ఏకబిగిన 24 దాకా అంకెలు వేశారు. కాబట్టి 1818 సంఖ్యను 1831లోకి మార్చాలంటే మొదటి సంపుటానికి 1, రెండో సంపుటానికి 8, మూడో సంపుటానికి 17 కలపండి. ప్రాణం పోసే ఘట్టం మొదటి సంపుటం 4వ అధ్యాయం, 1831లో అది 5. ఆ ప్రాణి సొంత కథ మొదలయ్యేది రెండో సంపుటం 3లో, 1831లో అది 11.

పరీక్షకు పనికొచ్చే తేడాలు కొన్ని ఉన్నాయి. 1818లో విక్టర్ చాలావరకు తన చేతులారా చేసుకున్నవాడు; 1831లో మాటిమాటికీ విధి మీద తోస్తాడు. 1818లో పిడుగు పడి చెట్టు మోడైనప్పుడు విద్యుత్తు గురించి చెప్పేది తండ్రి, చిన్న యంత్రం తిప్పి, గాలిపటం ఎగరేసి చూపిస్తాడు. 1831లో ఇంటికొచ్చిన ఒక పండితుడు గాల్వనిజం (విద్యుత్తు తగిలితే చచ్చిన ఒంట్లో కండరాలు కదలడం) గురించి చెప్తాడు. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్‌ని అనాథగా మార్చింది రక్తసంబంధం వాసన తగలకుండా ఉండడానికని విమర్శకులు ఊహిస్తారు. మేనరికాలు తెలిసిన మనకు మాత్రం పాత పాఠమే ఇబ్బంది లేకుండా సాగుతుంది.

మనవాళ్లెవరూ పట్టించుకోని తేడా ఇంకొకటుంది. విక్టర్ స్నేహితుడు క్లెర్వాల్ 1818లో పారసీకం, అరబ్బీ, హీబ్రూ నేర్చుకుంటాడు. 1831కి వచ్చేసరికి హీబ్రూ పోయి సంస్కృతం వచ్చింది. భారతదేశానికి వెళ్లి, ఇక్కడి భాషలు తెలిసినవాడిగా యూరపు వలసలకూ వ్యాపారానికీ సాయపడాలని అతని ఆలోచన. నవల మొత్తంలో అందరికన్నా మంచివాడుగా కనిపించే మనిషి ఆశయం అది! దీని మీద ఒక మంచి సెమినార్ పేపర్ రాయవచ్చు.

జవాబులో మొదటి వాక్యంలోనే ఏ పాఠం వాడుతున్నారో చెప్పండి. ప్రశ్న బాధ్యత మీద వస్తే 1818, విధి మీద వస్తే 1831 మీకు ఎక్కువ సాయపడతాయి. మార్కులు పోయేది సాధారణంగా ఒకచోటే: రెండు పేజీలు కథ చెప్పి, చివర హడావిడిగా ‘ఇందులో ఇతివృత్తాలు’ అని జాబితా రాయడం. కథ పరీక్షకుడికి తెలుసు. మూడు ఘట్టాలు చాలు. ఒక్కోదానికి ఎవరు చెప్తున్నారు, ఎవరితో చెప్తున్నారు, ఏ పోలికలు వాడారు, దానివల్ల మన సానుభూతి ఎటు మొగ్గింది అన్నవి రాయండి. ఇతివృత్తం దానంతటదే తేలుతుంది.

ప్రశ్న: మేం పదిమందిమి ఆదివారాలు కూర్చుని ఒక నవల పట్టి చదువుతుంటాం. దీన్లో మొదటి నాలుగు ఉత్తరాల దగ్గరే ముగ్గురు చేతులెత్తేశారు. వాటిని వదిలేసి మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడితే నష్టమేమన్నా ఉందా?
– పాఠకుల బృందం, పటమట, విజయవాడ

జవాబు: ఉంది, పెద్ద నష్టం. ఆ ఉత్తరాలు పోతే మీకు మిగిలేది విక్టర్ చెప్పిన విక్టర్ కథ. అతన్ని నమ్మాలా వద్దా అని తూకం వేసుకోవడానికి బయటి మనిషి ఉండడు.

కథలో కథ మనకు కొత్తకాదు. నైమిశారణ్యంలో సూతుడు శౌనకాదులకు భారతం చెప్తాడు, తాను విన్నది వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పినప్పుడు. అక్కడ ఆ వరస కథకు గౌరవం తెస్తుంది, ఫలానా పెద్దలు చెప్పింది అని. మేరీ షెల్లీ అదే నిర్మాణాన్ని తిరగేసి వాడింది. ఇక్కడ పొర పెరిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది, ఎందుకంటే చెప్పే ప్రతివాడూ తన కేసు తాను వాదించుకుంటున్నాడు. అన్నిటికన్నా పైపొర వాల్టన్, ఉత్తర ధ్రువం వైపు ఓడలో వెళ్తూ అక్క మార్గరెట్ సావిల్‌కి రాస్తుంటాడు. దానిలోపల విక్టర్. విక్టర్ లోపల ఆ ప్రాణి. ఆ ప్రాణి కథ లోపల, వాడు చాటు నుంచి గమనించిన డి లేసీ కుటుంబం కథ. ఆ అక్క మనకు ఒక్కసారి కూడా కనిపించదు, జవాబూ రాయదు. పుట్టింటి పేరు వాల్టన్ కూడా కలిపితే ఆమె పేరులోని పొడి అక్షరాలూ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పొడి అక్షరాలూ ఒకటే. మొదటి తేదీ నుంచి ఆఖరి తేదీకి తొమ్మిది నెలలు. దాన్ని గర్భధారణతో ముడిపెట్టిన విమర్శకులున్నారు. మీ బృందంలో ఈ సంగతి ముందే చెప్పకండి, ఎవరో ఒకరు లెక్కపెట్టుకోనివ్వండి.

ఇంకో వివరం 24వ అధ్యాయంలో ఉంది, తప్పకుండా గీత పెట్టుకోవాల్సింది. వాల్టన్ తన కథ రాసుకుంటున్నాడని తెలిసి, విక్టర్ ఆ కాగితాలు అడిగి తీసుకుని దిద్దుతాడు, చాలాచోట్ల పెంచుతాడు. ముఖ్యంగా శత్రువుతో తన సంభాషణలకు జీవం పోసేలా. అంటే ఆ ప్రాణి మాటలు మనదాకా వచ్చేసరికి విక్టర్ జ్ఞాపకం, వాల్టన్ కలం, మళ్లీ విక్టర్ దిద్దుబాటు దాటి వచ్చాయి. అన్ని చేతులు మారినా, శత్రువే సరిదిద్దినా, వాడి వాదనే మనకు బలంగా వినిపిస్తుంది.

అయిదు ఆదివారాలకు ఇలా పంచుకోండి (1831 సంఖ్యలు). మొదటి వారం ఉత్తరాలు, వాటితోపాటు 1 నుంచి 4 అధ్యాయాలు. రెండో వారం 5 నుంచి 10. మూడో వారం 11 నుంచి 16 ఒకే దెబ్బలో, వీలైతే ఒకరే గొంతెత్తి చదవాలి. నాలుగో వారం 17 నుంచి 20, అయిదో వారం మిగిలింది. బృందాలు సాధారణంగా రెండుచోట్ల నీరసపడతాయి. 14వ అధ్యాయంలో డి లేసీ కుటుంబం పూర్వకథ ఒకటి. అది లేకపోతే సఫీ అన్న అమ్మాయి ఆ ఇంటికి ఎందుకొచ్చిందో, ఆమెకు భాష నేర్పుతుంటే ఆ ప్రాణి ఎలా నేర్చుకున్నాడో అర్థం కాదు, ఓపిక పట్టండి. రెండోది 18, 19 అధ్యాయాల్లో రైన్ నది, ఆక్స్‌ఫర్డ్, స్కాట్లండ్ ప్రయాణం. అక్కడ మాత్రం వేగంగా సాగిపోవచ్చు, అది కాస్త యాత్రాచరిత్రలా ఉంటుంది.

ప్రశ్న: మా పిల్లలకు ఈ కథ ‘వరమిచ్చిన శివుడి నెత్తిమీదే చెయ్యిపెట్టబోయిన భస్మాసురుడు’ అని చెప్తుంటాను. పోలిక సరేనా? ఇంతకీ కథలో దుర్మార్గుడెవరు?
– తెలుగు ఉపాధ్యాయుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: గురువుగారూ, ఆ పోలికతో పిల్లలకు కథ గుర్తుంటుంది గానీ నవల చేజారిపోతుంది. భస్మాసురుడు వరం అందిన క్షణం నుంచే చెడ్డవాడు. ఈ ప్రాణి అలా కాదు. ఎలా చెడ్డాడో మెట్టు మెట్టుగా చూపడానికే రచయిత్రి ఆరు అధ్యాయాలు ఖర్చుపెట్టింది.

ఆ మెట్లు చూడండి. పుట్టిన రాత్రే తయారుచేసినవాడు వదిలేసి పోయాడు. చలికి, ఆకలికి ఒక ఊళ్లోకి వెళ్తే రాళ్లతో కొట్టారు. ఒక గుడిసె పక్కన కొట్టంలో దాక్కుని, ఆ ఇంటివాళ్ల తిండి కొంచెం దొంగిలించాడు. వాళ్లే పేదవాళ్లని తెలిశాక దొంగతనం మానేసి, రాత్రిళ్లు అడవిలో కట్టెలు కొట్టి వాళ్ల గుమ్మం ముందు పడేశాడు. మాట నేర్చాడు, చదువు నేర్చాడు. తోలుపెట్టెలో మూడు పుస్తకాలు దొరికాయి: మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’, ప్లూటార్క్ జీవితచరిత్రలు, గేటే ‘వెర్టర్’. మొదటిది చదివి తనను ఆదాముతో పోల్చుకున్నాడు. తర్వాత, సుఖంగా ఉన్నవాళ్లను చూసి కడుపుమండిన సైతానే తనకు దగ్గరనుకున్నాడు. వేసుకున్న కోటు జేబులో విక్టర్ దినచర్య దొరికింది, తనను తయారుచేసిన నాలుగు నెలల రాతలు. మనకు చెప్పని కిటుకంతా వాడు చదివేశాడన్నమాట!

ఇక ధైర్యం చేసి గుడ్డి ముసలాయనతో మాట్లాడాడు. కళ్లు లేనాయన ఆదరించాడు, కళ్లున్న కొడుకు కర్రతో బాదాడు. ఏట్లో కొట్టుకుపోతున్న పిల్లను కాపాడితే తుపాకీతో కాల్చారు. ఆ తర్వాతే మొదటి హత్య, విక్టర్ తమ్ముడు విలియం. ఆ వరసలో ఒక్క మెట్టు తీసేసినా హత్యకు కారణం సరిపోదు, రచయిత్రి అంత కొలిచి కట్టింది.

పోలిక కావాలంటే కర్ణుడు దగ్గర. పుట్టగానే వదిలేసిన తల్లి, అస్త్రవిద్యా ప్రదర్శన నాడు కొడుకును గుర్తుపట్టి కూడా నోరువిప్పని తల్లి. విక్టర్ కూడా సరిగ్గా అలాగే, విలియం హత్య నేరం నిరపరాధి జస్టిన్ మీద పడి ఆమెను ఉరితీస్తుంటే నిజం తెలిసీ నోరు మెదపడు. తేడా ఏమిటంటే, కర్ణుడికి ఒక రాధ దొరికింది, ఒక దుర్యోధనుడు దొరికాడు. ఈ ప్రాణికి ఇద్దరూ లేరు. మాంట్ బ్లాంక్ కొండల మంచునది మీద వాడు విక్టర్‌ని అడిగేదల్లా తనలాంటి ఒక తోడు.

అలాగని వాణ్ణి నిర్దోషిని చేయకండి. నిద్రపోతున్న జస్టిన్ బట్టల్లో విలియం మెడలోని చిత్రపటం పెట్టింది వాడే, కావాలనే. అది కోపంలో జరిగింది కాదు, లెక్కవేసి చేసింది. తర్వాత క్లెర్వాల్, ఎలిజబెత్ కూడా వాడి చేతుల్లోనే పోతారు. వాళ్లెవరూ వాడికి కీడు చేసినవాళ్లు కారు.

మరి విక్టర్? ఆఖరి ఘట్టంలో అతన్ని జాగ్రత్తగా వినాలి. మంచులో చిక్కిన నావికులు వెనక్కి పోదామంటే, మగతనం లేదా, వీరుల్లా ముందుకు నడవండి అని ఉపన్యాసం ఇస్తాడు. కొద్దిరోజులకే చచ్చిపోతూ, ఆశయాల జోలికి పోవద్దు అని వాల్టన్‌కి బుద్ధి చెప్తాడు. ఆ ఊపిరిలోనే, నేను ఓడిపోయినా ఇంకొకడు గెలవచ్చేమో అంటాడు. ఈ ఆఖరి మాటను చాలామంది ఉపాధ్యాయులు వదిలేసి, ముందు మాటను మాత్రం నీతిగా బోర్డు మీద రాస్తారు. విజ్ఞానం ముట్టుకుంటే చేటు అన్న అర్థం అలా పుట్టింది. నవల మొత్తం చదివితే, విక్టర్ చేసిన తప్పు ప్రాణం పోయడం దగ్గర కన్నా, పోసి పారిపోవడం దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. తన సృష్టికర్త మీద ఆ ప్రాణి ఫిర్యాదు కూడా అదే.

ప్రశ్న: గోతిక్ నవల అంటారు, మొదటి సైన్స్ ఫిక్షన్ అంటారు. రెండూ ఎలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: గోతిక్ పద్ధతి 1764లో హొరేస్ వాల్‌పోల్ ‘కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలైంది. దానికి కావలసిన దినుసులు పాత కోట, వంశానికి తగిలిన శాపం, దయ్యం, తరుముకొచ్చే దుర్మార్గుడు, ఆపదలో ఆడపిల్ల. మేరీ వీటిని పారేయలేదు, ఒక్కొక్కటీ మార్చింది. కోట బదులు మేడ మీద గది. శాపం బదులు ‘నీ పెళ్లిరాత్రి నీ దగ్గరుంటా’ అన్న బెదిరింపు. దయ్యం స్థానంలో చేతులతో కుట్టిన శరీరం. తరుముకొచ్చే దుర్మార్గుడి దగ్గర అసలు గడుసుతనం చూపింది: సగం నవల ఆ ప్రాణి విక్టర్‌ని తరుముతాడు, చివర విక్టర్ వాణ్ణి తరుముతూ ధ్రువం దాకా పోతాడు. ఎవరు వేటగాడో, ఎవరు వేటో తెలియకుండా పోతుంది.

సైన్స్ వైపు చూస్తే, కప్ప కాళ్లు విద్యుత్తుకు కదిలాయన్న గాల్వానీ ప్రయోగాలు 1791లో అచ్చయ్యాయి. ఆయన మేనల్లుడు ఆల్దీనీ 1803లో లండన్‌లో, ఉరితీసిన జార్జ్ ఫార్‌స్టర్ శవానికి విద్యుత్తు పెడితే దవడ వణికి, ఒక కన్ను తెరుచుకుంది. 1818 పీఠికలోనే, ఇది పూర్తిగా అసాధ్యమని శాస్త్రజ్ఞులు అనుకోవడం లేదు అన్న అర్థంలో ఒక మాట ఉంటుంది. అంతకుముందు దయ్యాల కథ రాసినవాళ్లకు ఇలాంటి హామీ ఇవ్వాల్సిన అవసరం లేదు. ఇది మొదటి సైన్స్ ఫిక్షన్ అన్న వాదనను బలంగా నిలబెట్టినవాడు రచయిత బ్రయన్ ఆల్డిస్, 1973లో.

రెండింటి అతుకు ఎక్కడుందో చూడాలంటే భయం ఏ వైపు నుంచి వస్తోందో అడగండి. గోతిక్‌లో భయం గతం నుంచి వస్తుంది, తాతల పాపం, మూసిన సమాధి. ఈ నవలలో 20వ అధ్యాయం దగ్గర అది దిశ మార్చుకుంటుంది. ఆర్క్‌నీ దీవిలో ఆడప్రాణిని సగం తయారుచేసి విక్టర్ ఆగిపోతాడు. ఇద్దరికీ పిల్లలు పుడితే? ఆమెకు తన ఇష్టం అంటూ ఉండి, మనుషులకు దూరంగా పోతామని ఆ ప్రాణి ముందు చేసుకున్న ఒప్పందానికి ఒప్పుకోకపోతే? ఇంకా పుట్టనివాళ్లను చూసి భయపడి, ఆమెను చింపేస్తాడు. అది గోతిక్ రచయిత అడిగే ప్రశ్న కాదు.

ఇంకొకటి గమనించండి. సృష్టికర్త, సృష్టి మొదటిసారి మాట్లాడుకునేది అర్ధరాత్రి శ్మశానంలో కాదు, పట్టపగలు, మిట్టమధ్యాహ్నం దాటుతుండగా, విశాలమైన మంచునది మీద. అందాన్ని మించి, చూసేవాణ్ణి చిన్నబుచ్చే ప్రకృతి దృశ్యం గురించి ఎడ్మండ్ బర్క్ 1757లో సిద్ధాంతం రాశాడు. మేరీ ఆ దృశ్యంలో నిలబెట్టింది విక్టర్‌ని. దాన్ని సునాయాసంగా దాటుకుంటూ వచ్చేది ఆ ప్రాణి.

ప్రశ్న: అగ్నిపర్వతం పేలడం వల్లే ఈ నవల పుట్టిందంటారు, నిజమేనా? అసలు రాసింది భర్త షెల్లీయే అని కూడా విన్నాను.
– ఇంటర్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదటిది సగం నిజం. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా పేలింది. ఆ బూడిద వల్ల 1816లో యూరపులో వేసవి రాలేదు. జెనీవా సరస్సు దగ్గర కవి బైరన్ అద్దెకున్న విల్లా డియోడాటీలో వానకు బయటికి పోలేక, బైరన్, షెల్లీ, మేరీ, మిగతావాళ్లు తలా ఒక దయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. అప్పటికి మేరీ వయసు 18. ఆ పందెం నుంచే బైరన్ వైద్యుడు పాలిడోరి రాసిన రక్తపిశాచి కథ కూడా వచ్చింది. అయితే వాన కూర్చోబెట్టగలదు గానీ నవల రాయించదు. మేరీని కన్న కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. 1815లో మేరీ తన మొదటి బిడ్డను పోగొట్టుకుంది. ప్రాణం పోసిన రాత్రి విక్టర్‌కి వచ్చే కలలో, ఎలిజబెత్‌ని ముద్దుపెట్టుకోగానే ఆమె చచ్చిపోయిన తల్లి శవంగా మారుతుంది. పుట్టుక, చావు అలా పక్కపక్కన పడడానికి తంబోరా అక్కర్లేదు.

రెండోది తప్పు. రాతప్రతులు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి, ఎవరి దస్తూరీ ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటుంది. దాదాపు 72 వేల మాటల్లో పెర్సీ షెల్లీవి 4 నుంచి 5 వేలని పరిష్కర్త చార్లెస్ రాబిన్సన్ లెక్కతేల్చాడు. 1818 పీఠిక మాత్రం పెర్సీదే. ఆయన దిద్దుబాట్లు కొన్నిచోట్ల మేలు చేశాయి. చాలాచోట్ల మేరీ తేటగా రాసిన మాటను తీసి బరువైన లాటిన్ పదం పెట్టాడు. మీకు పాకంలా అనిపించే వాక్యాల్లో కొన్ని ఆయన చలవ.

ప్రశ్న: ఈ ధోరణిలో తెలుగులో కథ రాయాలని ఉంది. మన దగ్గర మంచుకొండలు లేవు, పాత కోటలో పెడితే సినిమాలా ఉంటోంది. గుంటూరు ఎండలో గోతిక్ కుదురుతుందా?
– ఒక యువ రచయిత, గుంటూరు

జవాబు: మీ ఊళ్లోనే ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజి. మే నెలలో బయట నలభై దాటిన ఎండ, తలుపు తీస్తే లోపల పది డిగ్రీల లోపు చలి. అంతస్తులంతా టిక్కీలు (మిర్చి బస్తాలు), మసక బల్బు, గాలిలో మిర్చి ఘాటు, ఎప్పుడైనా కొంచెం అమోనియా వాసన. లోపలివాడికి బయటి రుతువు తెలియదు. కోటలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి, పైగా పాఠకుడు ఇంతకుముందు చదవని చోటు.

చోటు దొరికాక చేయాల్సినవి. ఒకే ఒక అసాధ్యాన్ని పెట్టుకోండి, మిగతావన్నీ లారీ కిరాయి దాకా మామూలుగా ఉండాలి. పరికరాల్లో రెండు మూడు చాలు, వాటి వాసన, చప్పుడు చెప్పండి, సూత్రం చెప్పకండి. 2,500 మాటల కథకు ఇద్దరు కథకుల కన్నా ఎక్కువ వద్దు; మేరీకి మూడు సంపుటాల చోటుంది, మీకు లేదు. రెండో కథకుడికి మొదటివాడి మాటతో కనీసం ఒకచోట లంకె తెగాలి, పాఠకుడు అక్కడ ఆగి అనుమానపడాలి.

సాధారణంగా చెడేది ఎక్కడంటే, తయారైన ప్రాణిని మూగవాణ్ణి చేయడం దగ్గర. సినిమాల ప్రభావం అది. నవలలో అందరికన్నా చక్కగా మాట్లాడేది వాడే. మీ ప్రాణికి తయారుచేసినవాడి కన్నా మంచి తెలుగు ఇవ్వండి. రెండోది విశేషణాల వరద. ‘భయంకరమైన’, ‘వికృతమైన’ అన్న మాటలు పేజీకి ఒకటి మించితే పాఠకుడికి భయం పోతుంది. విక్టర్ కూడా మొదట పళ్ల తెలుపు, జుట్టు నలుపు చెప్తాడు. అందంగా ఉండాలని విడివిడిగా ఏరుకున్న భాగాలు కలిసేసరికి ఎందుకు చూడలేకపోయాడో ఆ వరసలోనే తెలుస్తుంది. మూడోది, విజ్ఞాని తన పాపాన్ని ఒప్పుకునే ఆఖరి పేరా. రాసినా తర్వాత కొట్టేయండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. బొమ్మల సంక్షిప్తం కొనిస్తే సరిపోతుందా, పూర్తిది ఇవ్వాలా?
– ఒక తల్లి, గాంధీనగర్, విజయవాడ

జవాబు: పూర్తిదే ఇవ్వండి. రచయిత్రి పోయి నూట డెబ్భై ఏళ్లు దాటింది, మూలపాఠానికి హక్కులు లేవు, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. సంక్షిప్తాల్లో ముందు ఎగిరిపోయేది వాల్టన్ ఉత్తరాలు, తర్వాత ఆ ప్రాణి సొంత కథ. ఇంగ్లీషు బరువనిపిస్తే 5వ అధ్యాయం, ఆపైన 10 నుంచి 17, తర్వాత 20, 24 చదివించండి. బాగా అనిపిస్తే మిగిలినవి తనే వెనక్కి వెళ్లి చదువుతుంది. నెత్తురు వర్ణనలు దాదాపు లేవు, ఆ భయం అక్కర్లేదు. 8వ అధ్యాయంలో జస్టిన్ ఉరి మాత్రం కలవరపెట్టవచ్చు. ఆరోజు పక్కన కూర్చుని చదవండి.